బ్రౌజర్‌లోనే లైనక్స్ కమాండ్ లైన్: మొదటి ప్రాంప్ట్ నుంచి మొదటి స్క్రిప్ట్ దాకా

కమాండ్ లైన్ నేర్చుకోవాలనుకున్న చాలామంది ముందుగా వెతికేది 'తప్పక తెలియాల్సిన వంద కమాండ్‌లు' లాంటి జాబితా. దాన్ని దాచుకుంటారు, మళ్లీ తెరవరు. అలాంటి జాబితాతో మొదలుపెట్టొద్దనే నా సలహా. కమాండ్‌లు వాడుతూ ఉంటే వేళ్లకు వాటంతటవే అలవాటవుతాయి. బుర్ర పెట్టి అర్థం చేసుకోవాల్సింది ఇంకొకటి ఉంది: మీరు ఒక లైన్ టైప్ చేసి ఎంటర్ నొక్కాక, కమాండ్ నడిచేలోపు, షెల్ (మీరు టైప్ చేసింది చదివే ప్రోగ్రామ్) ఆ లైన్‌ని ఏం చేస్తుంది? అది తెలిసినవాళ్లకు ముప్ఫై కమాండ్‌లతోనే ఏళ్లు గడిచిపోతాయి. తెలియనివాళ్లను ఫైలు పేరులో ఉన్న ఒక్క ఖాళీ కూడా ఏడిపిస్తుంది.

అందుకే ఈ మార్గదర్శిలో మూడో మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాం. మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ముందుగా రాత పద్ధతి. కమాండ్‌లను ఇక్కడ తెలుగు లిపిలో, పలికే తీరులో రాశాను. 'ఎల్ఎస్' అంటే ఎల్, ఎస్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు. క్యాట్, గ్రెప్ లాంటివి మాటలుగా పలుకుతారు కాబట్టి అలాగే రాశాను. స్పెల్లింగ్ దగ్గర అనుమానం వచ్చే చోట అక్షరాలు విడదీసి చెప్పాను. మీరు టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం కావాల్సిన చోట ప్రత్యేకంగా చెబుతాను. లైనక్స్‌కి చిన్న ఏ, పెద్ద ఏ రెండూ వేర్వేరు. ఉదాహరణల్లో ఫైలు పేర్లు తెలుగులో ఉంటాయి. లైనక్స్ వాటిని నిక్షేపంగా ఒప్పుకుంటుంది కానీ, కొన్ని టెర్మినళ్లలో గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. అది చూపించడంలో లోపమే తప్ప ఫైలుకి ఏమీ కాదు. చిరాకనిపిస్తే ఇంగ్లీషు పేర్లు పెట్టుకోండి.

మెట్టు 1: సాధనకు ఒక చోటు

ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా ఈ నిమిషమే మొదలుపెట్టాలంటే జెఎస్‌లైనక్స్ ఉంది. క్యూఎము, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లు రాసిన ఫాబ్రిస్ బెల్లార్డ్ 2011లో దీన్ని విడుదల చేశాడు. ఒక కంప్యూటర్‌ని మొత్తంగా బ్రౌజర్ లోపలే అనుకరిస్తుంది. బెల్లార్డ్ డాట్ ఆర్గ్‌లో జెఎస్‌లైనక్స్ పేజీ తెరిచి, కన్సోల్ రకం లైనక్స్‌ని ఎంచుకుంటే కాసేపటికి ప్రాంప్ట్ (కమాండ్ కోసం ఎదురుచూసే చిన్న లైన్) వస్తుంది. పేజీని రీలోడ్ చేస్తే మీరు చేసినవన్నీ పోతాయి. నేర్చుకునేవాళ్లకు ఇది లోపం కాదు, వరం. ఏది చెడగొట్టినా ఒక రీలోడ్‌తో కొత్త యంత్రం వస్తుంది. ఇందులో మాత్రం ఇంగ్లీషు పేర్లే వాడండి.

ఫైళ్లు నిలవాలంటే గూగుల్ క్లౌడ్ షెల్ మంచిది. గూగుల్ ఖాతా ఉంటే చాలు, బ్రౌజర్‌లో అసలైన లైనక్స్ యంత్రం, 5 జీబీ హోమ్ డైరెక్టరీ (మీ సొంత ఫోల్డర్) దొరుకుతాయి. చాలాకాలం తెరవకపోతే ఆ డైరెక్టరీని తొలగిస్తారు, కాబట్టి అక్కడ ముఖ్యమైనవేవీ దాచొద్దు.

కాస్త అలవాటయ్యాక సొంత యంత్రానికి మారండి. విండోస్ 10, 11లలో పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి

    డబ్ల్యుఎస్ఎల్ --ఇన్‌స్టాల్

అని కొట్టి, రీస్టార్ట్ చేస్తే ఉబుంటు వచ్చేస్తుంది. మ్యాక్‌లో టెర్మినల్ ముందే ఉంది. అది లైనక్స్ కాకపోయినా యూనిక్స్ కుటుంబమే, ఇక్కడ చెప్పేవి దాదాపు అన్నీ పనిచేస్తాయి. 2019 నుంచి మ్యాక్‌లో మొదటగా వచ్చే షెల్ జడ్‌షెల్. మనం మాట్లాడుకునేది బ్యాష్ అనే షెల్ గురించి. ఈ స్థాయిలో తేడాలు తక్కువే. ఆండ్రాయిడ్ ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లకు టెర్మక్స్ ఉంది. చిన్న తెర కీబోర్డు మీద గీతలూ చుక్కలూ కొట్టడానికి మాత్రం ఓపిక ఉండాలి.

మెట్టు 2: ప్రాంప్ట్ ఏం చెబుతోంది

తెర మీద కనిపించే ఆ చిన్న లైన్‌లో సాధారణంగా మీ యూజర్ పేరు, @ గుర్తు, యంత్రం పేరు, మీరున్న డైరెక్టరీ, చివర $ ఉంటాయి. డైరెక్టరీ స్థానంలో ~ ఉంటే మీరు మీ హోమ్‌లో ఉన్నారని. చివర $ బదులు # ఉంటే జాగ్రత్త: మీరు రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) ఉన్నారు, ఏం చేసినా అడ్డుకునేవాళ్లు లేరు. జెఎస్‌లైనక్స్ మిమ్మల్ని నేరుగా రూట్‌గానే కూర్చోబెడుతుంది, అక్కడ పర్వాలేదు.

ఇక్కడ ఉన్నవి మూడు. అక్షరాలు చూపించే కిటికీ టెర్మినల్. మీరు టైప్ చేసింది చదివి అర్థం చేసుకునే ప్రోగ్రామ్ షెల్. డిస్కు, మెమరీ, ప్రోగ్రామ్‌లను నడిపేది కెర్నెల్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టిన లైనక్స్ అంటే ఖచ్చితంగా చెప్పాలంటే ఈ చివరిదే. బ్యాష్‌ని 1989లో గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయన్ ఫాక్స్ రాశాడు. వీటన్నిటికీ మూలమైన యూనిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతుల్లో పుట్టింది. అప్పట్లో తెర లేదు. టెలిటైప్ యంత్రం కాగితం మీద అచ్చుకొట్టేది. మోడల్ 33 అనే రకం వేగం సెకనుకు 10 అక్షరాలు. కమాండ్ పేర్లు రెండేసి అక్షరాలకు కుదించుకుపోవడం, పని సవ్యంగా జరిగితే ఏమీ మాట్లాడకపోవడం ఆ కాలపు అలవాట్లే. ఇది మొదటి రోజునే తెలియాలి. కమాండ్ కొట్టాక ఏమీ రాకుండా మళ్లీ ప్రాంప్ట్ కనిపిస్తే పని అయిందని అర్థం.

నాలుగు కమాండ్‌లు కొట్టి చూడండి: 'హూయామై' (ఖాళీల్లేకుండా డబ్ల్యు, హెచ్, ఓ, ఎ, ఎం, ఐ), 'హోస్ట్‌నేమ్', 'డేట్', 'పిడబ్ల్యుడి'. వరుసగా మీరెవరు, ఏ యంత్రం, ఎప్పుడు, ఎక్కడ.

ఇప్పుడు కీబోర్డు. వీటిని మాత్రం ఈ రోజే అలవాటు చేసుకోండి.

- ట్యాబ్: పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది షెల్ పూరిస్తుంది. పూరించకపోతే ఆ పేరుతో ఏదీ లేదు, లేదా ఒకటికి మించి ఉన్నాయి. రెండోసారి నొక్కితే ఉన్నవన్నీ చూపిస్తుంది. ట్యాబ్ టైపింగ్ తగ్గించడమే కాదు, తప్పుల్ని ఎంటర్ నొక్కకముందే పట్టిస్తుంది.
- పై బాణం: ఇంతకుముందు కొట్టిన కమాండ్‌లు. కంట్రోల్ ఆర్ నొక్కి ఒక ముక్క టైప్ చేస్తే పాతవాటిలో వెతుకుతుంది.
- కంట్రోల్ సి: నడుస్తున్నదాన్ని ఆపుతుంది. టెర్మినల్‌లో కాపీకి కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కాలి.
- కంట్రోల్ డి: ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పడం. ఖాళీ ప్రాంప్ట్ దగ్గర నొక్కితే షెల్ మూతపడుతుంది.
- కంట్రోల్ ఎస్: పొరపాటున నొక్కితే తెర బిగుసుకుపోతుంది. కంట్రోల్ క్యూ నొక్కండి, కదులుతుంది. టెర్మినల్ 'హ్యాంగ్' అయిందనే ఫిర్యాదుల్లో కొన్ని ఇదే.

మెట్టు 3: షెల్ ఒక లైన్‌ని చదివే తీరు

'ఎకో' అనే కమాండ్ (ఇ, సి, హెచ్, ఓ) తనకిచ్చిన మాటల్ని తిరిగి చూపించడం తప్ప ఏమీ చేయదు. అందుకే షెల్‌ని పరీక్షించడానికి ఇంతకంటే మంచి పనిముట్టు లేదు.

    ఎకో ఒకటి        రెండు

మధ్యలో ఎనిమిది ఖాళీలు ఇచ్చినా జవాబులో ఒక్క ఖాళీయే వస్తుంది. ఎకో వాటిని మింగలేదు. ఎకోకి అవి చేరనే లేదు. షెల్ లైన్‌ని ఖాళీల దగ్గర మాటలుగా కోసి, మొదటి మాటను కమాండ్‌గా తీసుకుని, మిగతా రెండు మాటల్నీ దానికి అందించింది. మధ్య ఎన్ని ఖాళీలున్నాయన్నది షెల్ దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు ఇలా:

    ఎకో "ఒకటి        రెండు"

ఖాళీలన్నీ వస్తాయి. కోట్స్ లోపలున్నది మొత్తం ఒకే మాట అని షెల్‌కి చెప్పాం. కోట్స్ కూడా ఎకోకి చేరలేదు గమనించండి. అవి షెల్ కోసం పెట్టిన గుర్తులు, పని అయ్యాక షెల్ తీసేసింది.

తర్వాత:

    ఎకో *

జవాబుగా నక్షత్రం రాదు, మీరున్న డైరెక్టరీలోని ఫైళ్ల పేర్లు వస్తాయి. ఎకోకి ఫైళ్ల గురించి ఏమీ తెలియదు. * కనబడగానే షెల్ దాన్ని తీసేసి, సరిపోయే పేర్లన్నీ అక్కడ పేర్చి, ఆ తర్వాతే ఎకోని పిలిచింది. *.టిఎక్స్‌టి అంటే ఆ తోకతో ముగిసేవి, ? అంటే ఏదైనా ఒక్క అక్షరం. ఏ కమాండ్ పక్కన * పెట్టినా జరిగేది ఇదే. తొలగించే కమాండ్ పక్కన పెట్టినా సరే.

మూడోది డాలర్ గుర్తు. పెద్ద అక్షరాల్లో హోమ్ అని రాసి ముందు $ పెడితే షెల్ దాని స్థానంలో మీ హోమ్ డైరెక్టరీ దారిని పెడుతుంది.

    ఎకో $హోమ్
    ఎకో "$హోమ్"
    ఎకో '$హోమ్'

మొదటి రెండూ దారిని చూపిస్తాయి. మూడోది $తో సహా ఉన్నదున్నట్టు చూపిస్తుంది. జంట కోట్స్ ఖాళీల్ని, నక్షత్రాల్ని కాపాడతాయి కానీ డాలర్‌ని పనిచేయనిస్తాయి. ఒంటి కోట్స్ లోపల షెల్ వేలు కూడా పెట్టదు.

షెల్ ఏం చేస్తోందో కళ్లతో చూడాలనుంటే

    సెట్ -ఎక్స్

కొట్టండి. ఇక నుంచి ప్రతి కమాండ్‌కి ముందు, షెల్ మార్పులన్నీ చేశాక మిగిలిన అసలు రూపాన్ని + గుర్తుతో చూపిస్తుంది. పైవన్నీ మళ్లీ కొట్టి చూడండి. ఆపడానికి 'సెట్ +ఎక్స్'. మొదలుపెట్టేవాళ్లకు ఇది ఎందుకో ఎవరూ చెప్పరు. నేనైతే మొదటి గంటలోనే చూపిస్తాను.

క్లుప్తంగా వరుస ఇది: మాటలుగా కోయడం, $, * లాంటివాటిని మార్చడం, >, < ఉంటే ఆ ఫైళ్లు తెరవడం, చివరికి కమాండ్‌ని నడపడం. > సంగతి ఏడో మెట్టులో వస్తుంది, అక్కడ ఈ వరుసే కీలకం.

మెట్టు 4: డైరెక్టరీల్లో తిరగడం

లైనక్స్‌లో సి డ్రైవ్, డి డ్రైవ్ అంటూ ఉండవు. అన్నీ / అనే ఒకే వేరు కింద ఉంటాయి. కొత్త డిస్కు తగిలించినా అది ఈ చెట్టులో ఏదో ఒక కొమ్మగానే కనిపిస్తుంది.

    ఎంకెడిఐఆర్ సాధన
    సిడి సాధన
    పిడబ్ల్యుడి
    ఎల్ఎస్

మొదటిది 'సాధన' అనే డైరెక్టరీని సృష్టిస్తుంది, రెండోది అందులోకి తీసుకెళ్తుంది, మూడోది ఎక్కడున్నారో చెబుతుంది, నాలుగోది ఏమున్నాయో చూపిస్తుంది. ప్రస్తుతానికి ఏమీ లేవు కాబట్టి మౌనం.

/ తో మొదలయ్యే దారి వేరు నుంచి లెక్క. మీరు ఎక్కడున్నా అదే చోటు. అలా మొదలవనిది మీరున్న చోటు నుంచి లెక్క. ఒక చుక్క అంటే ఇక్కడ, రెండు చుక్కలంటే పైన ఉన్న డైరెక్టరీ, ~ అంటే హోమ్. 'సిడి ..' ఒక మెట్టు పైకి. 'సిడి' ఒక్కటే కొడితే హోమ్‌కి. 'సిడి -' అంటే ఇంతకుముందున్న చోటికి, టీవీ రిమోట్‌లో పాత ఛానెల్ మీట లాగా.

చుక్కతో మొదలయ్యే పేర్లను ఎల్ఎస్ చూపించదు. 'ఎల్ఎస్ -ఎ' అంటే అవి కూడా వస్తాయి. కమాండ్ పక్కన గీతతో పెట్టే ఇలాంటి ముక్కని ఆప్షన్ అంటారు. ఇవి రహస్యాలేమీ కావు, సెట్టింగుల ఫైళ్లు. తెర నిండిపోకుండా పక్కన పెట్టినవి.

మెట్టు 5: ఫైళ్లు, తిరిగిరాని తొలగింపు

'టచ్ ఉత్తరం' ఖాళీ ఫైలు సృష్టిస్తుంది. 'సిపి ఉత్తరం నకలు' కాపీ చేస్తుంది. డైరెక్టరీ అయితే -ఆర్ కావాలి. 'ఎంవి నకలు పాతది' పేరు మారుస్తుంది. చోటు మార్చడానికీ ఇదే కమాండ్.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. 'పాతది' పేరుతో ముందే ఫైలు ఉంటే సిపి, ఎంవి రెండూ అడక్కుండా దాని మీద రాసేస్తాయి. -ఐ పెడితే అడుగుతాయి.

'ఆర్ఎం' తొలగిస్తుంది. రీసైకిల్ బిన్ ఉండదు. 'ఆర్ఎం -ఆర్' డైరెక్టరీని లోపలున్నవాటితో సహా తీసేస్తుంది. -ఎఫ్ కలిపితే ప్రశ్నలు కూడా వేయదు. ఇప్పుడు మూడో మెట్టు గుర్తు చేసుకుని ఈ రెండు లైన్లు చూడండి.

    ఆర్ఎం *.పాత
    ఆర్ఎం * .పాత

మొదటిది '.పాత' తోక ఉన్నవాటినే తీసేస్తుంది. రెండోదాంట్లో నక్షత్రం తర్వాత ఒక ఖాళీ ఉంది. షెల్ దాన్ని రెండు మాటలుగా కోస్తుంది: * అంటే ఉన్న ఫైళ్లన్నీ, ఆపైన '.పాత' అనే ఒక ఫైలు. అన్నీ తీసేశాక, '.పాత' అనే ఫైలు లేదని ఫిర్యాదు కూడా చేస్తుంది.

అలవాటు ఒకటి చేసుకోండి. నక్షత్రం ఉన్న ఆర్ఎం కొట్టే ముందు, ఆర్ఎం స్థానంలో ఎకో పెట్టి అదే లైన్ నడపండి. ఏ పేర్లు పోతాయో కనిపిస్తుంది. సరిగ్గా ఉంటే పై బాణం నొక్కి ఎకోని ఆర్ఎంగా మార్చండి.

పేరులో ఖాళీ ఉన్న ఫైలు కూడా ఒకటి చేసి చూడండి: 'టచ్ "నా డైరీ"'. కోట్స్ లేకుండా 'ఆర్ఎం నా డైరీ' అంటే షెల్‌కి అవి రెండు ఫైళ్లు. ట్యాబ్ వాడితే తగిన గుర్తులు అదే పెడుతుంది.

మెట్టు 6: చదవడం, రాయడం

చిన్న ఫైలుకి 'క్యాట్' (సి, ఎ, టి). పెద్దదానికి 'లెస్': స్పేస్ నొక్కితే కిందికి, బి నొక్కితే పైకి, / కొట్టి మాట టైప్ చేస్తే వెతుకుతుంది, క్యూ నొక్కితే బయటికి. 'హెడ్' మొదటి 10 లైన్లు, 'టెయిల్' చివరి 10. 'టెయిల్ -ఎఫ్' పెరుగుతున్న లాగ్ ఫైలుని వదలకుండా చూపిస్తూ ఉంటుంది, కంట్రోల్ సితో ఆపాలి.

రాయడానికి 'నానో' చాలు. కింద రెండు లైన్లలో ముఖ్యమైన మీటలు రాసే ఉంటాయి; ^ అంటే కంట్రోల్. విమ్ అనే ఎడిటర్ గొప్పదే, ఇప్పుడు అవసరం లేదు. ఎప్పుడైనా అనుకోకుండా అందులో చిక్కుకుంటే ఎస్కేప్ నొక్కి, :క్యూ! అని కొట్టి ఎంటర్ చేయండి, ఏమీ దాచకుండా బయటపడతారు.

మెట్టు 7: గొట్టాలు, దారి మళ్లింపులు

1973లో డగ్ మెక్‌ఇల్రాయ్ పట్టుబట్టి అడగ్గా కెన్ థాంప్సన్ యూనిక్స్‌కి పైపుని చేర్చాడు. | గుర్తు ఎడమ పక్క కమాండ్ చెప్పేదాన్ని కుడి పక్క కమాండ్‌కి అందిస్తుంది. చిన్న చిన్న కమాండ్‌లకు విలువ వచ్చింది దీనివల్లే.

    ఎల్ఎస్ /యుఎస్ఆర్/బిన్ | డబ్ల్యుసి -ఎల్

మీ యంత్రంలో ఆ డైరెక్టరీలో ఎన్ని పేర్లున్నాయో సంఖ్య వస్తుంది. డబ్ల్యుసి -ఎల్ లైన్లు లెక్కపెడుతుంది. -సి పెడితే బైట్లు, -ఎం పెడితే అక్షరాలు. ఈ రెంటికీ తేడా తెలుగువాళ్లకు వెంటనే కనబడుతుంది:

    ఎకో తెలుగు | డబ్ల్యుసి -సి
    ఎకో తెలుగు | డబ్ల్యుసి -ఎం

మొదటిదానికి 19, రెండోదానికి 7 వస్తాయి. కంప్యూటర్ లెక్కలో 'తెలుగు' అంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు గుర్తులు. అక్షరాలను బైట్లుగా దాచే యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు కాబట్టి 18. ఎకో చివర చేర్చే కొత్త లైన్ గుర్తు ఒకటి. రెండోసారి కూడా 19 వస్తే మీ టెర్మినల్ లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) యుటిఎఫ్-8లో లేదని తెలుసుకోండి.

'గ్రెప్' (జి, ఆర్, ఇ, పి) ఒక మాట ఉన్న లైన్లను ఏరుతుంది. -ఐ పెడితే పెద్దా చిన్నా అక్షరాల తేడా చూడదు, -వి పెడితే ఆ మాట లేనివాటిని ఏరుతుంది, -ఆర్ పెడితే డైరెక్టరీ అంతా గాలిస్తుంది. మొదట ఈ కమాండ్‌ని బాగా వాడటం నేర్చుకోండి. రోజూ పనికొస్తుంది.

ఇప్పుడు కాస్త పొడుగుది. ఒక వ్యాసంలో ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో తేల్చాలి:

    టిఆర్ -ఎస్ ' ' '\ఎన్' < వ్యాసం | సార్ట్ | యునిక్ -సి | సార్ట్ -ఎన్ఆర్ | హెడ్

< పక్కనున్న ఫైలుని షెల్ కమాండ్‌కి చదవడానికి అందిస్తుంది. టిఆర్ ఖాళీలను కొత్త లైన్లుగా మారుస్తుంది, అంటే లైన్‌కి ఒక మాట. సార్ట్ వాటిని వరుసలో పెడుతుంది. యునిక్ (యు, ఎన్, ఐ, క్యూ) పక్కపక్కనే ఉన్న ఒకే రకం లైన్లను కలిపి లెక్కపెడుతుంది. పక్కపక్కన లేకపోతే కలపదు, అందుకే ముందు సార్ట్. తర్వాత సంఖ్యల ప్రకారం పెద్దది ముందుగా, చివరికి మొదటి పది. దీన్ని ఒకేసారి కొట్టొద్దు. మొదటి ముక్క కొట్టి చూడండి, పై బాణంతో తెచ్చి రెండోది చేర్చండి, మళ్లీ చూడండి. అనుభవజ్ఞులు కూడా పొడవాటి పైపులు అలాగే కడతారు.

> జవాబుని తెర మీదికి కాక ఫైలులోకి పంపుతుంది, పాతది చెరిపేసి. >> చివర చేరుస్తుంది. 2> తప్పుల సందేశాలను మాత్రమే పంపుతుంది. ఇక ఈ లైన్:

    సార్ట్ పేర్లు > పేర్లు

వరుసలో పెట్టి అదే ఫైలులో దాచాలన్నది ఉద్దేశం. ఫలితం ఖాళీ ఫైలు. కారణం మూడో మెట్టులోనే ఉంది: కమాండ్‌ని నడపడానికి ముందే షెల్ > పక్కనున్న ఫైలుని తెరిచి ఖాళీ చేస్తుంది. సార్ట్ వచ్చి చూసేసరికి చదవడానికి ఏమీ లేదు. 'సార్ట్ -ఓ పేర్లు పేర్లు' అంటే సరిపోతుంది, సార్ట్ అంతా చదివాకే రాస్తుంది.

మెట్టు 8: ఎవరికి ఏ అనుమతి

'ఎల్ఎస్ -ఎల్' కొడితే ప్రతి ఫైలు ముందూ పది గుర్తుల గుంపు కనిపిస్తుంది. మొదటిది రకం: గీత అయితే ఫైలు, డి అయితే డైరెక్టరీ. తర్వాత మూడేసి గుర్తుల చొప్పున యజమానికి, గ్రూపుకి, మిగతా అందరికీ. ఆర్ చదవడం, డబ్ల్యు రాయడం, ఎక్స్ నడపడం. వీటికి 4, 2, 1 విలువలు; ఒక్కొక్కరివి కూడితే ఒక్కో అంకె. అనుమతులు మార్చే కమాండ్ సిహెచ్ఎంఓడి: 'సిహెచ్ఎంఓడి 644 ఉత్తరం' అంటే యజమాని చదివి రాయగలడు, మిగతావాళ్లు చదవగలరు. 755 అంటే అందరూ నడపగలరు, యజమాని రాయగలడు. ఏదో పనిచేయట్లేదని 777 పెట్టేయమని ఇంటర్నెట్‌లో ఎవరైనా చెబితే వినకండి. అది తాళం పగలగొట్టడమే.

డైరెక్టరీకి ఎక్స్ అంటే అందులోకి వెళ్లే అనుమతి. ఫైలుని తొలగించాలంటే ఆ ఫైలు మీద కాదు, అదున్న డైరెక్టరీ మీద రాసే అనుమతి ఉండాలి. ఇది చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

'సుడో' (ఎస్, యు, డి, ఓ) ఒక్క కమాండ్‌ని రూట్ అధికారంతో నడుపుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే చాలా యంత్రాల్లో తెర మీద చుక్కలు కూడా రావు, కొడుతూ పోండి.

మెట్టు 9: తప్పుల సందేశాలు, సహాయం

సందేశం కనబడగానే కంగారుపడి మరో కమాండ్ కొట్టకండి, చదవండి. ఎక్కువ సందేశాలకు ఒకే నిర్మాణం ఉంటుంది: ఎవరు చెబుతున్నారు, దేని గురించి, ఎందుకు. మధ్యలో : గుర్తులు. చివరి ముక్కే ముఖ్యం. 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటే మొదటి మాట పేరుతో ప్రోగ్రామ్ దొరకలేదు. స్పెల్లింగ్ చూడండి, లేదా అది ఇన్‌స్టాల్ అయి లేదు. 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటే ఆ దారిలో ఏమీ లేదు. ముందు పిడబ్ల్యుడి కొట్టండి, ఫైలు ఉంది కానీ మీరు వేరే చోట ఉండొచ్చు. 'పర్మిషన్ డినైడ్' అంటే ఎనిమిదో మెట్టు. దానికి మొదటి మందు సుడో కాదు. ఆ ఫైలు అసలు మీరు ముట్టుకోవాల్సిందేనా అని చూసుకోండి.

'ఎకో $?' గడిచిన కమాండ్ ఎలా ముగిసిందో సంఖ్యలో చెబుతుంది. 0 అంటే సవ్యం, మరేదైనా కాదు. కమాండే దొరకకపోతే 127.

సహాయానికి 'మ్యాన్ ఎల్ఎస్'. 1971 నవంబరు 3 తేదీతో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్ నుంచి ఈ పేజీల శైలి పెద్దగా మారలేదు: పొడిగా, ఖచ్చితంగా. మొదటి పేరా, ఉదాహరణలు, మీకు కావాల్సిన ఆప్షన్, అంతే చదవండి. లోపల తిరగడం లెస్‌లో లాగే. త్వరగా చూడాలంటే కమాండ్ పక్కన '--హెల్ప్'. సిడికి మాత్రం 'హెల్ప్ సిడి', ఎందుకంటే అది షెల్‌లోనే భాగం. విడి ప్రోగ్రామ్ అయితే అది తన డైరెక్టరీని మార్చుకుంటుంది తప్ప మీ షెల్‌ని కదిలించలేదు. 'టైప్ సిడి', 'టైప్ ఎల్ఎస్' కొట్టి తేడా చూడండి.

ఆన్‌లైన్‌లో రెండు చోట్లు నాకు నచ్చుతాయి. ఎక్స్‌ప్లెయిన్‌షెల్‌లో ఏ పొడవాటి కమాండ్ అతికించినా దాన్ని ముక్కలుగా విప్పి మ్యాన్ పేజీల నుంచి వివరిస్తుంది. టిఎల్‌డిఆర్ పేజీలు ప్రతి కమాండ్‌కీ నాలుగైదు ఉదాహరణలు మాత్రమే ఇస్తాయి. పాఠాలుగా కావాలంటే ఎంఐటిలో నడిచే 'మిస్సింగ్ సెమిస్టర్' తరగతుల వీడియోలు, నోట్స్ ఉచితం. వేగం ఎక్కువ, కానీ ఈ మెట్లు దాటినవాళ్లు అందుకోగలరు.

ఎక్కడి నుంచైనా కమాండ్ కాపీ చేసేటప్పుడు నేరుగా టెర్మినల్‌లో అతికించకండి. పేజీలో కనిపించేది ఒకటి, కాపీ అయ్యేది మరొకటి చేయడం తేలిక. కాపీలో కొత్త లైన్ గుర్తు ఉంటే మీరు ఎంటర్ నొక్కకుండానే నడిచిపోయే ప్రమాదమూ ఉంది. ముందు ఎడిటర్‌లో అతికించి చూడండి. ఇంటర్నెట్ నుంచి దింపి పైపు ద్వారా నేరుగా సుడో బ్యాష్‌కి పంపమనే సూచనలైతే, దింపుకుని, చదివి, ఆ తర్వాతే.

మెట్టు 10: మొదటి స్క్రిప్ట్

స్క్రిప్ట్ అంటే కమాండ్‌లు వరుసగా రాసి పెట్టిన ఫైలు. నానోలో 'నకలుతీయి' అనే ఫైలు తెరిచి ఈ మూడు లైన్లు రాయండి.

    #!/బిన్/బ్యాష్
    ఎంకెడిఐఆర్ -పి ~/నకళ్లు
    సిపి -ఆర్ ~/సాధన ~/నకళ్లు/సాధన-$(డేట్ +%ఎఫ్)

చివరి ఎఫ్ మాత్రం పెద్ద అక్షరం. మొదటి లైన్ ఈ ఫైలుని ఏ ప్రోగ్రామ్ చదవాలో చెబుతుంది. -పి వల్ల డైరెక్టరీ ముందే ఉన్నా గొడవ చేయదు. $( ) లోపలున్న కమాండ్‌ని షెల్ ముందుగా నడిపి, దాని జవాబుని అక్కడ పెడుతుంది. అంటే ఈనాటి తేదీ. ఇక

    సిహెచ్ఎంఓడి యు+ఎక్స్ నకలుతీయి
    ./నకలుతీయి

ముందు ./ లేకపోతే 'కమాండ్ నాట్ ఫౌండ్' వస్తుంది. షెల్ కమాండ్‌ల కోసం $పాత్ (పెద్ద అక్షరాల్లో) జాబితాలోని డైరెక్టరీల్లోనే వెతుకుతుంది, మీరున్న చోట వెతకదు. కావాలనే అలా పెట్టారు. లేకపోతే ఎవరైనా తమ డైరెక్టరీలో ఎల్ఎస్ పేరుతో ఒక మాయ ప్రోగ్రామ్ పెట్టి, అక్కడికొచ్చిన మీ చేత నడిపించేవాళ్లు.

ఈ స్క్రిప్ట్‌ని ఒకే రోజు రెండుసార్లు నడిపి, నకళ్లలో ఏమైందో 'ఎల్ఎస్ -ఆర్'తో (ఇక్కడ పెద్ద ఆర్) చూడండి. రెండో నకలు మొదటిదాని లోపలికి వెళ్లి ఉంటుంది: గమ్యం పేరుతో డైరెక్టరీ ముందే ఉంటే సిపి దాని లోపలికే కాపీ చేస్తుంది. తేదీకి సమయం కూడా చేర్చి సరిచేయడం మీ పని. డేట్ మ్యాన్ పేజీలో కావాల్సినవన్నీ ఉన్నాయి.

మెట్టు 11: బ్యాండిట్

సాధనకి ఓవర్‌దవైర్ అనే సైట్‌లో బ్యాండిట్ ఆటని మించింది నాకు తెలియదు. ఉచితం. ఒక్కో స్థాయిలో ఎక్కడో దాచిన పాస్‌వర్డ్ వెతికి, దాంతో తర్వాతి స్థాయికి లాగిన్ అవ్వాలి. ప్రతి స్థాయి పేజీలోనూ పనికొచ్చే కమాండ్‌ల పేర్లు ఇస్తారు, సమాధానం ఇవ్వరు.

దూరపు యంత్రంలోకి వెళ్లడానికి 'ఎస్ఎస్‌హెచ్' వాడాలి. 1995లో ఫిన్లాండ్‌లో టాటు ఇలోనెన్ రాసిన పద్ధతి ఇది. మీకూ ఆ యంత్రానికీ మధ్య వెళ్లే ప్రతి అక్షరాన్నీ గుప్తీకరిస్తుంది.

    ఎస్ఎస్‌హెచ్ -పి 2220 బ్యాండిట్0@చిరునామా

చిరునామా, మొదటి పాస్‌వర్డ్ ఆట మొదటి పేజీలో ఉంటాయి. తొలిసారి ఆ యంత్రాన్ని నమ్మాలా అని అడుగుతుంది. 'ఎస్' అనే మాటని వై, ఇ, ఎస్ అని పూర్తిగా కొట్టాలి. లోపలికి వెళ్లాక ఎల్ఎస్, క్యాట్‌లతో మొదటి స్థాయి దాటేస్తారు.

రెండోదాంట్లో ఫైలు పేరు ఒట్టి గీత: - అంతే. 'క్యాట్ -' కొడితే ఏ జవాబూ రాదు, ప్రాంప్టూ రాదు. ఒంటి గీతని క్యాట్ ఫైలు పేరుగా తీసుకోదు, కీబోర్డు నుంచి చదవమని అర్థం చేసుకుని మీరేం టైప్ చేస్తారా అని ఎదురుచూస్తుంది. కంట్రోల్ సి నొక్కి బయటికి రండి. కోట్స్ పెట్టినా లాభం లేదు, అవి షెల్ దగ్గరే ఆగిపోతాయి, క్యాట్‌కి చేరేది మళ్లీ ఆ గీతే. గీతతో మొదలవకుండా అదే ఫైలుని సూచించే దారి ఎలా రాయాలో నాలుగో మెట్టులో ఉంది. దాని తర్వాతి స్థాయిలో ఫైలు పేరు నిండా ఖాళీలుంటాయి.